ఇంట్లో నూరిన దర్పణానికి కెమెరా పరీక్ష

200 మిల్లీమీటర్ల వ్యాసం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉండేలా ఒక గాజు బిళ్లను ఇంట్లో నూరి మెరుగు పెడితే ముందుగా తయారయ్యేది దాదాపు గోళాకారపు గుంట. టెలిస్కోపుకు కావలసింది పరావలయాకారపు గుంట. రెండింటి మధ్యబిందువులను కలిపి చూస్తే అంచు దగ్గర తేడా సుమారు 900 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త తక్కువే. అదే నాభ్యంతరంతో 150 మిల్లీమీటర్ల దర్పణమైతే ఈ తేడా 300 నానోమీటర్ల లోపే. దాన్ని గోళంగానే వదిలేసినా చంద్రుడూ గ్రహాలూ ఫర్వాలేదనిపించేలా కనిపిస్తాయి. 200 దగ్గర ఆ వెసులుబాటు లేదు. దిద్దేముందు కొలవాలి, దిద్దాక మళ్లీ కొలవాలి. వెర్నియర్ కాలిపర్స్‌కూ స్క్రూ గేజికీ అందని ఈ కొలత వెలుగుకు అందుతుంది.

ఆ దారి చూపినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త లియాన్ ఫూకో. 1851లో పారిస్‌లో లోలకం వేలాడదీసి భూమి తిరగడాన్ని జనం కళ్ల ముందు పెట్టిన మనిషే, ఆ దశాబ్దం చివర్లో వెండిపూత గాజు దర్పణాలు తయారు చేస్తూ కత్తి అంచు పరీక్షను కనిపెట్టాడు. దర్పణపు వక్రతా కేంద్రం నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో ఉంటుంది. ఇక్కడ అది 2400 మిల్లీమీటర్లు. అక్కడ సూది మొనంత దీపం పెడితే, దర్పణం ఆ వెలుగును తిరిగి అక్కడికే పంపి దీపం పక్కనే దాని ప్రతిబింబం కడుతుంది. ఆ ప్రతిబింబాన్ని బ్లేడు అంచుతో పక్క నుంచి మెల్లగా కోస్తూ, బ్లేడు వెనక నుంచి దర్పణాన్ని చూడాలి. పరీక్షంటే అంతే.

సరైన గోళమైతే, బ్లేడు సరిగ్గా కేంద్రం దగ్గర కోసినప్పుడు, లాంతరు వత్తి తగ్గించినట్టుగా దర్పణం మొత్తం ఒకేసారి మసకబారుతుంది. బ్లేడు కేంద్రానికన్నా దర్పణం వైపు ఉంటే నీడ బ్లేడు వచ్చిన వైపు నుంచే పాకుతుంది. వెనక్కి ఉంటే ఎదురు వైపు నుంచి పాకుతుంది. పరావలయం సంగతి వేరు. దాని మధ్యభాగం నుంచి వచ్చే కిరణాలు ఒకచోట, అంచు కిరణాలు అంతకన్నా కాస్త వెనక కలుస్తాయి. కాబట్టి బ్లేడును ఎక్కడ పెట్టినా దర్పణం అంతా సమానంగా మసకబారదు. రెండు చివరలకూ మధ్యలో ఎక్కడో ఆపితే దర్పణం మీద నడుమ గుంట, చుట్టూ ఉబ్బు ఉన్న గారె ఆకారం కనిపిస్తుంది. ఆ గారె మీద బ్లేడుకు ఎదురు పక్క నుంచి ఏటవాలు ఎండ పడుతున్నట్టు ఊహించుకుని చూస్తే ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో చెప్పేయవచ్చు. నానోమీటర్ల ఎత్తుపల్లాలు కొండల్లా, లోయల్లా కనబడతాయి.

పాత పద్ధతిలో ఈ నీడలను కంటితోనే చదివేవారు. దర్పణం ముందు అట్టముసుగు పెట్టి, దానిలో ఎడమా కుడీ జతలుగా కిటికీలు కోసి, ఏ జత కిటికీలు ఒకే మసకలో ఉన్నాయో చూసి బ్లేడు స్థానం రాసుకునేవారు. ఫ్రాన్స్‌కే చెందిన ఆంద్రే కూడెర్ పేరుతో ఆ ముసుగు ప్రసిద్ధం. పద్ధతిలో తప్పు లేదు, దానితో గొప్ప దర్పణాలు తయారయ్యాయి. చిక్కల్లా కన్నుతోనే. చీకటికి అలవాటు పడే కొద్దీ కన్ను తన అంచనా మార్చుకుంటుంది. అర్ధరాత్రి దాటాక అలసిన కన్ను ఒకటి చెబితే పొద్దున తాజా కన్ను మరొకటి చెబుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. రావలసిన అంకె ముందే తెలిసినవాడికి ఆ అంకె దగ్గరే రెండు కిటికీలూ సమానంగా కనిపించే అవకాశం ఎక్కువ. కెమెరాకు ఏ అంకె రావాలో తెలియదు. ఫొటోలో ప్రతి చుక్కకూ ఒక వెలుగు విలువ ఉంటుంది, ఆ విలువను రేపైనా వచ్చే నెలైనా మళ్లీ చదవవచ్చు, ఇంకొకరి చేత చదివించవచ్చు. అట్టముసుగు కూడా అవసరం లేదు. ఏ వలయం కావాలంటే ఆ వలయాన్ని ఫొటోలోనే ఎంచుకోవచ్చు.

కెమెరా ఖరీదైనది కానక్కర్లేదు. లెన్స్ మార్చగలిగే పాత డీఎస్‌ఎల్‌ఆర్ అయినా చాలు. ఎక్స్‌పోజరూ ఫోకసూ చేత్తో పెట్టుకునే వీలు, రా ఫైలు దాచే వీలు ఉండాలి. దర్పణపు బొమ్మ సెన్సార్ మీద ఎంత పెద్దగా పడుతుందన్నది లెన్స్‌ను బట్టి ఉంటుంది. 2400 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న 200 మిల్లీమీటర్ల దర్పణం 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో సుమారు 4.3 మిల్లీమీటర్ల బొమ్మగా, 85 లెన్స్‌తో 7.3 మిల్లీమీటర్ల బొమ్మగా పడుతుంది. సెన్సార్ మీది ఒక్కో పిక్సెల్ 4 మైక్రాన్లు అనుకుంటే 50 లెన్స్ వెయ్యికి పైగా, 85 లెన్స్ 1800 పిక్సెళ్లు ఇస్తుంది. వెయ్యి దాటితే ఈ పనికి చాలు. కెమెరాతో పాటు వచ్చే 18–55 లెన్స్‌ను 55 దగ్గర పెట్టి వాడినా గడుస్తుంది.

లెన్స్‌ను పూర్తిగా తెరిచి ఉంచాలి. బ్లేడు దాటాక కాంతిపుంజం మళ్లీ విచ్చుకుంటుంది. ఈ దర్పణానికి ప్రతి 12 మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు చొప్పున వెడల్పవుతుంది. లెన్స్ లోపలి రంధ్రం చిన్నదైనా, బ్లేడుకు దూరంగా ఉన్నా దర్పణపు అంచులు కోసుకుపోతాయి, ఆ కోతను నీడ అనుకునే ప్రమాదం ఉంది. బ్లేడు లెన్స్ ముఖానికి తగలకుండా ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఆటోఫోకస్, స్టెబిలైజేషన్ రెండూ ఆపేయాలి. ఫోకస్ బ్లేడు మీద కాదు, దర్పణం మీద. దర్పణం ముందు వార్తాపత్రిక ముక్క ఆనించి, టార్చి వేసి, అక్షరాలు స్పష్టంగా కనిపించేదాకా ఫోకస్ తిప్పి, ఆ రింగు మీద టేపు అంటించేస్తే రాత్రంతా బాధ ఉండదు.

ఫోన్ కెమెరా వాడవచ్చా అన్నది అందరికీ వచ్చే సందేహమే. వాడవచ్చు, దాని లెన్స్ ఫోన్ ముఖానికి దగ్గరగా ఉండటం ఈ పరీక్షకు అనుకూలం కూడా. కానీ ఫోన్లు అడగకుండానే ఫొటోను అందంగా చేస్తాయి. చీకటి భాగాన్ని లేపి, వెలుగు భాగాన్ని తగ్గించి, ఒక్కో చోట ఒక్కో రకంగా దిద్దుతాయి. ఇక్కడ కొలిచేది ఎడమ పక్క మసకా కుడి పక్క మసకా సమానమా కాదా అన్నదే. ఫొటో మొత్తానికి ఒకే రకంగా దిద్దితే సమానమైనవి సమానంగానే ఉంటాయి, కొలత చెడదు. చోటును బట్టి దిద్దితే మాత్రం పరీక్ష సర్వనాశనం. హెచ్‌డీఆర్, నైట్ మోడ్ ఆపేసి రా ఫైలు ఇచ్చే యాప్ దొరికితేనే ఫోన్‌ను నమ్మాలి.

దీపం విషయంలో తెల్ల ఎల్‌ఈడీ చాలు. దాని గుండ్రటి తలను సన్న గరుకు కాగితంతో రుద్ది మందకొడి చేసి, ముందు రెండు బ్లేడు ముక్కలతో సన్నని నిలువు చీలిక పెడతారు. చీలిక వెడల్పు సమానంగా రావడానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను రెండు మడతలు పెట్టి బ్లేడుల మధ్య దూర్చి, బ్లేడులు బిగించాక దాన్ని లాగేయడం పనికొచ్చే చిట్కా. చీలిక, కోసే బ్లేడు అంచు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే నీడ ఏటవాలుగా వచ్చి లెక్క చెడుతుంది. ఈ తలనొప్పి వద్దనుకుంటే ఒకే పొడవాటి బ్లేడు అంచు వెనక ఒక పక్క ఎల్‌ఈడీ, మరో పక్క కెమెరా పెట్టవచ్చు. వెలుగు ఆ అంచు మీదుగా వెళ్లి అదే అంచు మీదికి తిరిగి వస్తుంది కాబట్టి సమాంతరం అదంతటదే కుదురుతుంది.

దీపం కదలకుండా ఉండి బ్లేడు ఒక్కటే ముందుకూ వెనక్కూ జరుగుతుందా, లేక దీపమూ బ్లేడూ ఒకే పీట మీద కలిసి జరుగుతాయా అన్నది మొదటి రోజే కాగితం మీద రాసి గోడకు అంటించాలి. కదలని దీపమైతే, మధ్యభాగంతో పోలిస్తే అంచు దగ్గర బ్లేడు జరగాల్సిన దూరం, వలయ వ్యాసార్ధపు వర్గాన్ని వక్రతా వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేంత. ఈ దర్పణానికి 4.17 మిల్లీమీటర్లు. కలిసి జరిగే దీపమైతే సరిగ్గా అందులో సగం, 2.08. ఒక సూత్రంతో కొలిచి ఇంకో సూత్రంతో పోల్చి, బాగున్న దర్పణాన్ని దిద్దడానికి పూనుకుని పాడు చేసుకున్నవాళ్లు ఈ అభిరుచిలో ఎప్పుడూ ఉంటారు. ఇక్కడి నుంచి లెక్కలన్నీ కలిసి జరిగే దీపానికే.

దీపమూ బ్లేడూ కెమెరా ఉన్న పీట దర్పణపు అక్షం వెంబడి జరగాలి. జరుగుదలను 0.01 మిల్లీమీటరు చూపే డయల్ గేజ్ కొలవాలి. స్క్రూ తిప్పేటప్పుడు ఎప్పుడూ ఒకే దిశలో తిప్పుతూ స్థానానికి చేరాలి. దాటిపోతే బాగా వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు రావాలి. లేకపోతే స్క్రూలో ఉండే వదులు కొలతలోకి దూరుతుంది. అడ్డంగా కోయడానికి మరో స్క్రూ కావాలి. దానికి కొలత అక్కర్లేదు, మెత్తగా జరిగితే చాలు.

దర్పణాన్ని నిలబెట్టే స్టాండు కింద రెండు మేకుల మీద ఆననిస్తుంది. ఆ రెండూ దర్పణపు కేంద్రం నుంచి చూస్తే 90 డిగ్రీల ఎడంలో, నిట్టనిలువు గీతకు అటూ ఇటూ 45 డిగ్రీల దగ్గర ఉండాలి. పైన ఒక రక్షణ మేకు పడిపోకుండా కాస్తుంది, కానీ నొక్కకూడదు. పట్టుకారుతో బిగిస్తే గాజు వంగుతుంది, ఆ వంపు ఫొటోలో చక్కగా పడుతుంది, నూరినవాడు దాన్ని తన తప్పే అనుకుంటాడు. దర్పణపు అంచు పైభాగాన చిన్న కాగితం ముక్క అంటించి '12' అని రాయడం మరవకూడదు. పది రోజుల తరవాత ఫొటో తెరిచినప్పుడు ఏది పైనో ఏది కిందో చెప్పేది ఆ ముక్కే.

తిరిగొచ్చే వెలుగును మొదటిసారి పట్టుకోవడం ఓపిక పరీక్ష. పూత లేని గాజు పడిన కాంతిలో 4 శాతం మాత్రమే తిరిగి పంపుతుంది. గది పూర్తిగా చీకటి చేసి, చీలిక తీసేసి, ఎల్‌ఈడీని నేరుగా దర్పణం మీదికి తిప్పి, పీట చుట్టుపక్కల తెల్ల కాగితం ఆడిస్తే ఎక్కడో ఒకచోట మసక వెలుగు మచ్చ కనిపిస్తుంది. స్టాండు వెనక స్క్రూలతో దాన్ని బ్లేడు దగ్గరకు నడిపించి, మచ్చ అతి చిన్నదయ్యేదాకా పీటను ముందుకూ వెనక్కూ జరిపి, అప్పుడు చీలిక పెట్టాలి.

ఆ మొదటి చిత్రం చూసినప్పుడు దర్పణం మీద పొగలా ఏదో కదులుతూ ఉంటుంది. అది గాలి. దర్పణం ముందు ఒక్క క్షణం అరచేయి పెట్టి చూస్తే వేళ్ల నుంచి వేడిగాలి పైకి లేవడం ఊదుబత్తి పొగంత స్పష్టంగా కనిపిస్తుంది. బొటనవేలు గాజు మీద అర నిమిషం ఆనించి తీస్తే ఆ చోట చిన్న గుట్ట మొలుస్తుంది, అది కరిగిపోవడానికి నిమిషాలు పడుతుంది. ఈ రెండు ప్రయోగాలూ ప్రతి ఒక్కరూ ఒకసారి చేయవలసినవే. మెరుగు పెట్టి, కడిగి, తుడిచి వెంటనే స్టాండెక్కించిన దర్పణం ఏ ఆకారం చూపించినా అది అబద్ధమని అప్పటికి గాని మనసుకెక్కదు. మామూలు కిటికీ గాజుకు వేడికి సాగే గుణం బోరోసిలికేట్ గాజు కంటే రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ, కాబట్టి దానికి ఇంకా ఎక్కువ సేపు చల్లారనివ్వాలి. ఒక అంగుళం మందం దర్పణమైతే కనీసం రెండు గంటలు ఆగడం మంచిది. రాత్రంతా అక్కడే వదిలి తెల్లవారుజామున ఫొటోలు తీయడం అంతకన్నా మేలు.

ఫ్యాను, ఏసీ రెండూ గంట ముందే ఆపేయాలి. ఎండాకాలంలో ఇది శిక్షే, కానీ మార్గం లేదు. మేడ మీది గదిలో కింద వీధిలో లారీ పోయినా నీడ వణుకుతుంది. నేల అంతస్తులో గచ్చు మీద నేరుగా పెట్టిన బల్లే ఉత్తమం. కెమెరా బటన్ వేలితో నొక్కకూడదు. రిమోట్ గానీ రెండు సెకన్ల టైమర్ గానీ వాడాలి. మనిషి ఒంటి వేడి కాంతిదారిలోకి రాకుండా పక్కకు కూర్చోవాలి.

కంటికి సాధ్యం కానిది కెమెరా చేయగలిగేది ఇక్కడే. గాలి కదలిక ఒక్కో ఫొటోలో ఒక్కోలా ఉంటుంది, గాజు ఆకారం మాత్రం అన్నింటిలోనూ ఒకటే. బ్లేడు ఒకే స్థానంలో ఉండగా పదిహేను ఇరవై ఫొటోలు తీసి వాటి సగటు తీస్తే గాలి చాలావరకు కొట్టుకుపోయి గాజు మిగులుతుంది. ఉచితంగా దొరికే ఇమేజ్‌జె ప్రోగ్రాం ఈ సగటును క్షణాల్లో తీస్తుంది. ఎక్స్‌పోజర్ ఎంతన్నది దీపాన్ని బట్టి ఉంటుంది. దర్పణంలో అతి వెలుగైన భాగం కూడా హిస్టోగ్రామ్‌లో కుడి గోడకు తగలకుండా చూసుకోవాలి. గోడకు తగిలిన చోట కొలత లేనట్టే. ఐఎస్ఓ తక్కువలో, 100 లేదా 200లో ఉంచి, ఎక్స్‌పోజర్ ఒకసారి పెట్టాక ఆ రాత్రికి మార్చకూడదు.

బ్లేడును పూర్తిగా పక్కకు తీసి కూడా ఒక ఇరవై ఫొటోలు తీయాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. చీలిక వెలుగు దర్పణం మీద అన్ని చోట్లా సమానంగా పడదు, లెన్స్ కూడా అంచుల్లో కాస్త మసకిస్తుంది. బ్లేడు లేని ఫొటోతో బ్లేడు ఉన్న ఫొటోను భాగిస్తే ఈ రెండు లోపాలూ పోతాయి.

ఇక చదవడం. బ్లేడును మధ్యభాగపు స్థానం కంటే కాస్త ముందు నుంచి మొదలుపెట్టి, 0.2 మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి జరుపుతూ, ప్రతి మెట్టులోనూ దర్పణం సగం మసకబారేదాకా కోసి ఫొటోలు తీస్తే పన్నెండు పదమూడు స్థానాలతో అంచు దాటుతుంది. ఒక్కో స్థానపు సగటు ఫొటోలో దర్పణపు అడ్డ వ్యాసం వెంట, ఇరవై ముప్పై పిక్సెళ్ల ఎత్తున్న పట్టీలో వెలుగు విలువలను గ్రాఫుగా గీయించాలి. ఇమేజ్‌జెలో ఇది ఒక్క మెనూ దూరం. ఆ గ్రాఫులో ఎడమ సగాన్ని, పుస్తకం మూసినట్టు, కుడి సగం మీదికి మడవాలి. రెండు గీతలూ ఒకచోట ఒకదాన్నొకటి దాటుతాయి. దాటిన చోట ఎడమా కుడీ సమానమైన మసకలో ఉన్నాయన్నమాట. కేంద్రం నుంచి ఆ చోటికి ఉన్న దూరమే, ఆ బ్లేడు స్థానానికి సరిపడే వలయం. పిక్సెళ్లను మిల్లీమీటర్లలోకి మార్చడానికి దర్పణపు వ్యాసం తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. అయితే అంచున చెక్కిన ఏటవాలు భాగాన్ని మినహాయించి, మెరుగు ఉన్నంతవరకే వ్యాసంగా తీసుకోవాలి. ఫొటోలో కేంద్రం ఎక్కడో కంటితో పెట్టకుండా, అంచు మీద ఏడెనిమిది చుక్కలు గుర్తించి వాటి మీదుగా వృత్తం గీయించి తీసుకోవాలి. కేంద్రం పది పిక్సెళ్లు పక్కకు పోతే మడత తప్పుతుంది.

ఇలా వచ్చిన జతలను, బ్లేడు స్థానాన్ని అడ్డంగా, వలయ వ్యాసార్ధపు వర్గాన్ని నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే, దర్పణం నిజమైన పరావలయమైతే తిన్నని గీత రావాలి. బ్లేడు ఒక మిల్లీమీటరు జరిగితే వర్గం 4800 పెరగాలి. 4800 అంటే వక్రతా వ్యాసార్ధానికి రెట్టింపు. ప్రోగ్రాములు గీసే రంగురంగుల పటాల కన్నా ఈ ఒక్క గీత ఎక్కువ చెబుతుంది. గీత తిన్నగా ఉండి మరీ నిటారుగా ఉంటే దిద్దుబాటు ఇంకా చాలలేదు, పరావలయం వైపు ఇంకొంత పోవాలి. మరీ వాలి ఉంటే ఎక్కువైంది, వెనక్కి రావాలి. వంగి ఉంటే వంగిన చోట వలయంలో గుంటో గట్టో ఉంది. కేంద్రానికి మరీ దగ్గరగా, 25 మిల్లీమీటర్ల లోపల వచ్చే చుక్కలను పట్టించుకోనక్కర్లేదు. అక్కడ వాలు చాలా తక్కువ కాబట్టి గీతలు ఎక్కడ దాటాయో చెప్పడం కష్టం, అక్కడి పొరపాటు బొమ్మను చెడగొట్టేదీ తక్కువే.

ఒక ఉదాహరణ. 30, 50, 70, 85, 95 మిల్లీమీటర్ల వలయాలకు, 30 దగ్గరి స్థానాన్ని సున్నాగా తీసుకుంటే, రావలసిన అంకెలు 0, 0.33, 0.83, 1.32, 1.69. ఒక దర్పణానికి 0, 0.33, 0.83, 1.30, 2.05 వచ్చాయనుకుందాం. నాలుగు వలయాలు చక్కగా ఉన్నాయి, చివరిది 0.36 ఎక్కువ. అంచు కిరణాలు కలవాల్సిన చోటి కన్నా వెనక కలుస్తున్నాయి. నూరేవాళ్లందరూ భయపడే వాలిన అంచు ఇదే. 0.36 పెద్ద అంకేనా అన్నది తరవాతి ప్రశ్న. కిరణం నక్షత్రపు బొమ్మలో సహజంగా ఉండే చిన్న వెలుగు బిళ్ల దాటి పోకూడదన్న కొలబద్ద పెట్టుకుంటే, ఈ దర్పణపు అంచు దగ్గర సహించదగిన తప్పు సుమారు 0.1 మిల్లీమీటరు. ఫొటోస్టాట్ కాగితం మందమంత. 50 మిల్లీమీటర్ల వలయం దగ్గర అదే 0.19 దాకా సహించవచ్చు. సున్నాను ఎక్కడికి జరిపి చూసినా 0.36ను ఈ హద్దులో ఇరికించలేం. వాలిన అంచు సన్నటి పట్టీ అయితే, దిద్దడం కన్నా ఆ పట్టీని నల్లరంగుతో కప్పేయడమే తెలివైన పని. వ్యాసం కాస్త తగ్గుతుంది, బొమ్మ బాగుపడుతుంది. పరువు తక్కువ అనుకుని చాలామంది ఈ పని చేయరు.

అయితే దిద్దుబాటుకు దిగేముందు అనుమానించాల్సింది దర్పణాన్ని కాదు, పరీక్షను. అదే కొలతను వేర్వేరు రోజుల్లో మూడుసార్లు తీసి, అంకెలు 0.05 లోపు తేడాతో కలిస్తేనే వాటిని కొలత అనాలి. దర్పణాన్ని స్టాండు మీద 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయాలి, 180, 270 దగ్గర కూడా. దర్పణంతో పాటు తిరిగిన లోపం గాజుది. తిరగకుండా ఉన్నచోటే ఉండిపోయిన లోపం స్టాండుది, దీపానిది, లేదా లెన్స్‌ది. '12' ముక్క విలువ ఇక్కడ తెలుస్తుంది. నాలుగు దిశల్లో వేర్వేరు వక్రతా వ్యాసార్ధాలు వస్తుంటే దర్పణం గిన్నెలా కాక కాస్త దోనెలా వంగి ఉందని అర్థం. కత్తి అంచు పరీక్షను ఒకే దిశలో చేసి ఊరుకుంటే ఈ లోపం ఎప్పటికీ బయటపడదు.

పరీక్షను పరీక్షించకపోతే ఏమవుతుందో చెప్పడానికి హబుల్ టెలిస్కోపు ఒక్కటి చాలు. 1990లో అంతరిక్షానికి పంపిన దాని 2.4 మీటర్ల దర్పణాన్ని లోకంలోకెల్లా నునుపైన దర్పణాల్లో ఒకటిగా దిద్దారు, కానీ తప్పుడు ఆకారానికి దిద్దారు. అంచు ఉండాల్సిన దానికన్నా సుమారు 2.2 మైక్రాన్లు పల్లంగా ఉంది. కారణం దర్పణం కాదు, దాన్ని కొలిచే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట ఉండటం. అంతకన్నా బాధ కలిగించేది, తక్కువ ఖచ్చితత్వం ఉన్న వేరే పరీక్షల్లో ఆ తప్పు కనిపించడం, పెద్ద పరికరం చెప్పిందే నిజమనుకుని వాటిని పక్కన పెట్టేయడం. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దుబాటు అద్దాలు అమర్చాక గాని బొమ్మ స్పష్టం కాలేదు. ఇంట్లో నూరేవాడికి వ్యోమగాములు దొరకరు.

కాబట్టి రెండో పరీక్ష ఒకటి ఉండాలి, అది మొదటి దానికి చుట్టం కాకూడదు. ఇటలీకి చెందిన వాస్కో రోంకీ 1920ల తొలినాళ్లలో రూపొందించిన గీతల పరీక్ష అందుకు తేలిక. బ్లేడు బదులు మిల్లీమీటరుకు నాలుగు గీతలుండే జాలీ పెడితే దర్పణం మీద నల్లని పట్టీలు కనిపిస్తాయి. అవి ఏ వంపు తిరగాలో ముందే లెక్కగట్టి గీసుకున్న బొమ్మను ఫొటో మీద పరిస్తే తప్పు ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది. అంకెలు అంత ఖచ్చితంగా రావు గాని, వాలిన అంచును ఇది దాచనివ్వదు. పట్టీ చివర కొక్కెంలా వంగుతుంది. కెమెరా ఉన్నవారికి ఇంకో దారి, 1970లలో జర్మనీలో కార్ల్-లుడ్విగ్ బాత్ ప్రతిపాదించిన చిన్న ఇంటర్‌ఫెరోమీటర్. ఒక లేజరు, ఒక కాంతిని చీల్చే ఘనం, ఒక చిన్న చదును అద్దం, ఒక చిన్న కటకం చాలు. దాని పట్టీల ఫొటోలను డీఎఫ్‌టీఫ్రింజ్ అనే ఉచిత ప్రోగ్రాం విశ్లేషించి దర్పణం మొత్తానికీ పటం గీస్తుంది, దోనె వంపుతో సహా. దాన్ని సరిగ్గా నిలపడం వారాల పని. మొదటి దర్పణానికి అది అక్కర్లేదు, కత్తి అంచూ రోంకీ చాలు. కత్తి అంచు అంకెలను ఫిగర్‌ఎక్స్‌పీ వంటి ప్రోగ్రాములకు ఇచ్చినా అవి ఉపరితలపు పటాన్ని లెక్కగట్టి ఇస్తాయి. వాటిలో చివర వచ్చే ఒక్క అంకెను గర్వంగా చెప్పుకోవడం మామూలే గాని, లోపలికి పోయిన అంకెలు ఎంత నిజమో బయటికొచ్చే పటం అంతే నిజం.

తెలుగు పాఠకులకు ఒక పక్కమాట. ఈ చేతిపని మన నేలకు పరాయిది కాదు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేయగా హైదరాబాద్‌లో చదువుకున్న ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు తలపెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపు తమిళనాడులోని కావలూరులో ఉంది. దాని దర్పణాన్ని బయట చేయించలేదు, బెంగళూరులోనే భారత ఖగోళ భౌతిక సంస్థలో నూరి దిద్దారు.

దిద్దడం ఎప్పుడు ఆపాలన్నది చివరి ప్రశ్న. నాలుగు దిశల్లోనూ వలయాలన్నీ సహించదగిన హద్దులో ఉండి, రోంకీ పట్టీలు లెక్కగట్టిన బొమ్మతో కలిసి, మూడు రోజుల కొలతలు ఒకే మాట చెబితే ఆపేయాలి. ఇంకొక్క పది నిమిషాలు మెరుగు పెడితే ఇంకా బాగవుతుందన్న ఆశ ఎన్నో మంచి దర్పణాలను మళ్లీ మొదటికి తెచ్చింది. పూతకు పంపేముందు దర్పణాన్ని పూత లేకుండానే గొట్టంలో పెట్టి ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఫోకస్‌కు అటూ ఇటూ చూడవచ్చు. రెండు వైపులా వలయాలు ఒకేలా ఉంటే ఇక సందేహం లేదు.

అల్యూమినియం పూత మందం మైక్రాన్‌లో పదో వంతు స్థాయిలోనే ఉంటుంది, సమానంగా వేస్తే అది దర్పణపు ఆకారాన్ని మార్చదు. పూత వేయించుకుని తెచ్చాక అదే బల్ల మీద మరోసారి ఫొటోలు తీసి పాతవాటితో పోల్చడం మంచిది. పూత వేసేచోట బిగించిన పట్టుకారు ఎక్కడైనా గాజును నొక్కితే అప్పుడే బయటపడుతుంది. ఒక్క జాగ్రత్త: పూత లేని గాజు 4 శాతం కాంతి పంపితే అల్యూమినియం 90 శాతానికి దగ్గరగా పంపుతుంది. కెమెరా ఎక్స్‌పోజర్‌ను ఇరవయ్యో వంతుకు తగ్గించుకోవాలి.